లీల్ నుంచి లండన్‌కి రైల్లో, బస్సులో, ఓడలో: ముందు వీసా లెక్క, తర్వాతే టికెట్

ఇచ్ఛాపురంలో బరంపురం బస్సెక్కితే రాష్ట్రం ఎక్కడ మారిందో దుకాణాల బోర్డుల మీది లిపి చూసి తెలుసుకోవాలి. పర్లాకిమిడిలో ఉంటూ పాతపట్నం వెళ్లి సరుకులు తెచ్చుకునేవాళ్లకు ఆ బోర్డులు కూడా కంటికి ఆనవు. ఉత్తర ఫ్రాన్స్‌లో, అంటే లీల్, అమియెన్, అరాస్ వైపు చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన మనవాళ్లు మ్యాపులో లండన్ చూడగానే “పక్కనేగా, రెండ్రోజులు చూసొద్దాం” అనడం ఈ అలవాటు వల్లే. దూరం తక్కువేనన్నది నిజం. ఫ్రాన్స్‌లోని కాలే, ఇంగ్లండ్‌లోని డోవర్ మధ్య సముద్రం ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లు. లీల్‌లో ఎక్కిన రైలు గంటన్నరలోపే లండన్‌లో దించుతుంది. కాకపోతే ఆ 33 కిలోమీటర్లకు అటు ఒక వీసా, ఇటు ఒక వీసా. ఒక దేశపు వీసా మీద రెండో దేశంలో అడుగు పెట్టనివ్వరు. అందుకే ఈ ప్రయాణానికి ప్లాను టికెట్ల సైటులో మొదలవదు, పాస్‌పోర్టు పేజీల్లో మొదలవుతుంది.

వీసా: ఒక్క గడి చూడకపోతే తిరుగు దారి మూసుకుపోతుంది

ఫ్రాన్స్ ఇచ్చేది షెంగెన్ వీసా. దానితో బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ తిరగొచ్చు. ఇంగ్లండ్ ఆ కూటమిలో లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు బ్రిటన్ స్టాండర్డ్ విజిటర్ వీసా విడిగా కావాలి. ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి గురించి ఎక్కడైనా చదివి, అది చాలనుకోకండి. అది వీసా అక్కర్లేని దేశాలవాళ్లకు పెట్టింది. యానాం వైపు చుట్టాల్లో ఫ్రెంచి పాస్‌పోర్టు ఉన్నవాళ్లు మీతో వస్తుంటే వాళ్లకు ఈటీఏ, మీకు వీసా. ఒకే కుటుంబమైనా కాగితాలు వేరు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. షెంగెన్ వీసా స్టిక్కరు మీద ఎంట్రీల సంఖ్య అని ఒక గడి ఉంటుంది. అందులో 01 అనో, 02 అనో, మల్ట్ అనో ఉంటుంది. 01 ఉంటే ఒక్కసారే లోపలికి రావచ్చు. లీల్ స్టేషన్‌లో ఫ్రెంచి పోలీసు మిమ్మల్ని దేశం దాటినట్టు నమోదు చేసిన క్షణానే ఆ ఒక్కసారి అయిపోతుంది. వీసా మీద ఇంకా ఇరవై రోజులు మిగిలి ఉన్నా లండన్ నుంచి వెనక్కి రానివ్వరు. ఫ్రాన్స్ నుంచి ఇండియాకి తిరుగు విమానం టికెట్ చేతిలో ఉందని చెప్పినా వినరు. పెట్టెలు లీల్‌లో పిల్లాడి గదిలో, మీరు లండన్‌లో.

దీనికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది, షెంగెన్‌కి దరఖాస్తు చేసేటప్పుడే రెండు లేదా అంతకంటే ఎక్కువ ఎంట్రీలు అడగడం. ఊరికే గడిలో టిక్ పెడితే ఇస్తారన్న నమ్మకం లేదు, కారణం చూపించాలి. అందుకని బ్రిటన్ వీసా ముందు తీసుకుని, దాని కాపీని, లండన్ వెళ్లి ఏ తేదీన తిరిగొస్తారో రాసిన ప్రయాణ పట్టికను షెంగెన్ దరఖాస్తుకు జత చేయండి. వరస తిప్పితే, అంటే షెంగెన్ ముందు తీసుకుంటే, రెండో ఎంట్రీ ఎందుకో చెప్పడానికి చేతిలో ఆధారం ఉండదు.

రెండోది మాకు ఎక్కువ నచ్చిన మార్గం, పెద్దవాళ్లకు మరీ బాగుంటుంది. విమానం పారిస్‌లో దిగేటట్టు, తిరుగు విమానం లండన్ హీత్రూలో ఎక్కేటట్టు మల్టీ సిటీ టికెట్ తీసుకోండి. ముందు ఫ్రాన్స్, తర్వాత ఇంగ్లండ్, అటునుంచి అటే విశాఖో భువనేశ్వరో. అప్పుడు షెంగెన్‌లో ఒక్క ఎంట్రీ చాలు. సముద్రం ఒక్కసారే దాటుతారు, ఒకవైపు రైలు ఖర్చు మిగులుతుంది. రెండు వన్‌వే టికెట్లు విడివిడిగా కొంటే మాత్రం ధర బాగా పెరిగే అవకాశం ఉంది. వెతికేటప్పుడే మల్టీ సిటీ అన్న చోట నొక్కండి.

ఎంత ముందు మొదలుపెట్టాలి? బ్రిటన్ వీసాకి ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టగలం. మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. షెంగెన్‌కి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. వాళ్ల మామూలు గడువు 15 రోజులు, అనుమానం వస్తే 45 వరకూ సాగుతుంది. రెండు దరఖాస్తుల్లోనూ మామూలుగా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు కాబట్టి రెండూ ఒకేసారి నడపడం కష్టం. మూడు నెలలు నిండుగా ఉండగా బ్రిటన్‌ది పెట్టి, పాస్‌పోర్టు చేతికి రాగానే షెంగెన్‌కి వెళ్తే సరిపోతుంది. షెంగెన్ అపాయింట్‌మెంట్లు వేసవికి ముందు త్వరగా నిండిపోతాయి, ఆ తేదీ మాత్రం ముందే పట్టుకోండి. వేలిముద్రలకు స్వయంగా వెళ్లాలి. రైళ్ల పరంగా గంజాం, గజపతి వాళ్లకు కోల్‌కతా తేలిక; రాయగడ, కోరాపుట్ వాళ్లకు హైదరాబాద్ తేలిక. కానీ మీ ఒడిశా చిరునామాకు ఏ కేంద్రం వర్తిస్తుందో అపాయింట్‌మెంట్ పేజీలో చూసుకున్నాకే రైలు టికెట్ తీయండి.

రుసుముల విషయానికొస్తే, షెంగెన్‌కి పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 (2024 జూన్ నుంచి ఉన్న రేటు). బ్రిటన్ ఆరు నెలల విజిటర్ వీసా 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లయింది. బ్రిటన్ వాళ్లు ఏటా ఏప్రిల్ ప్రాంతంలో రేట్లు సవరిస్తుంటారు, కట్టేరోజు చూసుకోండి. షెంగెన్‌కి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బ్రిటన్‌కి తప్పనిసరి కాదుగానీ, అదే పాలసీలో బ్రిటన్ రోజులు కూడా కలిసేటట్టు తీసుకుంటే తేడా పెద్దగా ఉండదు. “షెంగెన్ మాత్రమే” అని రాసి ఉన్న పాలసీ లండన్‌లో కాలు బెణికితే పనికిరాదు.

ఒడియా కాగితాలు, తెలుగు పేర్లు

సరిహద్దు జిల్లాల వాళ్లకే ప్రత్యేకంగా వచ్చే తంటా ఇది, హైదరాబాద్ ఏజెంట్లకు తట్టదు. భూమి పట్టా, జనన ధ్రువపత్రం, పెళ్లి రిజిస్ట్రేషన్ ఒడియాలో ఉంటాయి. అక్క పెళ్లయి టెక్కలిలోనో సోంపేటలోనో ఉంటే ఆమె కాగితాలు తెలుగులో ఉంటాయి. బ్రిటన్‌కి ఇంగ్లిషులో లేని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం జతచేయాలి. ఆ అనువాదం మీద “ఇది మూలానికి సరైన అనువాదం” అన్న మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలి. నోటరీ ముద్ర ఒక్కటీ కొట్టించి ఊరుకుంటే ఈ అయిదూ తీరినట్టు కాదు.

పేర్ల సంగతి ఇంకా చిక్కు. ఒడియా రాతలో “వ” చాలాచోట్ల “బ” అవుతుంది. వెంకటరావు స్కూలు సర్టిఫికెట్లో బెంకట రావు, వాసుదేవ్ కాస్తా బాసుదేబ్. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా. వీసా దరఖాస్తు, రైలు టికెట్, విమానం టికెట్, బీమా, ఈ నాలుగూ పాస్‌పోర్టు అచ్చు స్పెల్లింగ్‌తోనే ఉండాలి. మిగతా కాగితాల్లో తేడాలుంటే ఇద్దరూ ఒకరేనని ఇంగ్లిషులో ఒక అఫిడవిట్ చేయించి దరఖాస్తుకు పెట్టండి. పాస్‌పోర్టులోనే తప్పుంటే సర్దుబాట్లు చూడొద్దు. ముందు పాస్‌పోర్టు దిద్దించుకోండి, ఆ తర్వాతే వీసా.

పాస్‌పోర్టు గడువు చూసేటప్పుడు షెంగెన్ నియమం గుర్తుంచుకోండి: అక్కణ్నుంచి బయల్దేరే తేదీకి ఇంకా కనీసం మూడు నెలలు మిగిలి ఉండాలి, గత పదేళ్లలో జారీ అయి ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

అక్కడే చదువుకుంటున్న పిల్లలకు లెక్క వేరు. చెల్లుబాటులో ఉన్న ఫ్రెంచి దీర్ఘకాల వీసా గానీ నివాస కార్డు గానీ ఉంటే ఎన్నిసార్లయినా తిరిగి రావచ్చు. అయితే ఆ వీసాను ఫ్రాన్స్ చేరిన మూడు నెలల్లోపు ఆన్‌లైన్లో నమోదు చేసుకుని ఉండాలి. మొదటిసారి నివాస కార్డుకి పెట్టినప్పుడు ఇచ్చే రసీదు ఒక్కటే చేత పట్టుకుని దేశం దాటితే మళ్లీ లోపలికి రానివ్వరు. బ్రిటన్ వీసా వాళ్లకూ కావాల్సిందే, ఫ్రాన్స్ నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నాలుగు దారులు, ఏది ఎవరికి

యూరోస్టార్ రైలు. లీల్ యూరప్ స్టేషన్ నుంచి లండన్ సెయింట్ పాంక్రాస్‌కి నేరుగా వెళ్తుంది. 1994లో తెరిచిన సముద్రపు సొరంగం యాభై కిలోమీటర్ల పొడవు, అందులో సుమారు 38 కిలోమీటర్లు సముద్రం కింద. లోపల ఉండేది ఇరవై నిమిషాలే. చూడ్డానికేమీ ఉండదు, అద్దంలో మన మొహమే కనిపిస్తుంది. రెండు పెద్ద పెట్టెలు (ఒక్కోటి 85 సెంటీమీటర్ల పొడవు దాకా), ఒక చేతిసంచి తీసుకెళ్లొచ్చు. ధర విమానాల లాగా పెరుగుతూ పోతుంది. రెండు మూడు నెలల ముందు, వారం మధ్యలో వెతికితే తక్కువ. శుక్రవారం సాయంత్రం, ఆదివారం, స్కూలు సెలవులు ఖరీదు. పెద్దవాళ్లుంటే, సామాను ఉంటే ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు, ఇదే దారి.

దూరప్రయాణపు బస్సు. లీల్‌లో ఎక్కి లండన్ విక్టోరియా కోచ్ స్టేషన్‌లో దిగాలి. ఫ్లిక్స్‌బస్, బ్లాబ్లాకార్ బస్ నడుపుతాయి. అయిదారు గంటలు, ట్రాఫిక్‌ని బట్టి ఇంకా ఎక్కువ. బస్సు కాలే దగ్గర ఓడలోకో, సొరంగంలో వాహనాలను మోసే రైల్లోకో ఎక్కుతుంది. సరిహద్దు దగ్గర అందరూ దిగి పాస్‌పోర్టు వరసలో నిలబడాలి. ధర చాలాసార్లు రైల్లో సగం కూడా ఉండదు. పాస్‌పోర్టు దగ్గర మీ ఒక్కరికీ ఆలస్యమైతే బస్సు మీకోసం ఎంతసేపో ఆగదు. అందుకే విద్యార్థులకు పర్వాలేదు గానీ, ఇంగ్లిషు తడబడే పెద్దవాళ్లను ఒంటరిగా రాత్రి బస్సెక్కించొద్దు.

కాలే నుంచి ఓడ. లీల్ ఫ్లాండ్ర్ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైల్లో కాలే విల్, అక్కణ్నుంచి రేవు, గంటన్నర సముద్రం, తర్వాత డోవర్ రేవు నుంచి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో డోవర్ ప్రయరీ స్టేషన్. అక్కడ ఎక్కే హైస్పీడ్ రైలు గంట పైచిలుకులో సెయింట్ పాంక్రాస్ చేరుస్తుంది. మామూలు రైలైతే సుమారు రెండు గంటలు, టికెట్ కాస్త చవక. మొత్తం కలిపితే ఒక రోజు గడిచిపోతుంది. నడిచి ఎక్కే ప్రయాణికులను అన్ని ఓడలూ తీసుకోవు, పగటి పూట కొన్నింట్లోనే చోటిస్తారు. టికెట్ వెతికేటప్పుడు కారు లేకుండా, “ఫుట్ ప్యాసింజర్” అని ఎంచుకున్నాకే సమయాలు చూడండి. వాహనాల పట్టికలో సమయం చూసుకుని రేవుకి వెళ్తే ఆ ఓడ మిమ్మల్ని ఎక్కించుకోకపోవచ్చు. కనీసం గంటన్నర ముందు రేవులో ఉండాలి. కాలే ఊళ్లో సిటీ బస్సులు 2020 జనవరి నుంచి ఉచితం, రేవుకి వెళ్లేది ఏదో, ఆ రోజు ఉందో లేదో స్టేషన్ దగ్గరే చూసుకోండి. లేదంటే టాక్సీ. డోవర్ తెల్ల కొండలు సముద్రం మీంచి చూడాలని ఉంటేనే ఈ దారి. మూడు టికెట్ల ఖర్చు కలిపితే బస్సు కంటే ఎక్కువే పడుతుంది.

డియెప్ నుంచి ఓడ. రూఆన్ వైపు ఉన్నవాళ్లు లీల్ దాకా రావడం చుట్టు తిరుగుడు. రూఆన్ నుంచి డియెప్‌కి రైల్లో గంటలోపే. అక్కణ్నుంచి న్యూహేవెన్‌కి ఓడ నాలుగు గంటలు, నడిచి వచ్చేవాళ్లనూ తీసుకుంటుంది. న్యూహేవెన్ టౌన్ స్టేషన్ రేవుకి నడకదూరం. లూయిస్‌లో బండి మారితే గంటన్నర అటూఇటుగా లండన్. ఒక్క తేడా: కాలే, లీల్ దగ్గర బ్రిటన్ తనిఖీ ఫ్రాన్స్‌లోనే అయిపోతుంది. డియెప్ దారిలో న్యూహేవెన్‌లో దిగాక అవుతుంది. రాత్రి పొద్దుపోయి చేరే ఓడైతే తనిఖీ ముగిసేసరికి చివరి రైలు వెళ్లిపోయి ఉండొచ్చు. పగటి ఓడే చూసుకోండి. పశ్చిమాన కెన్ దగ్గర్నుంచి పోర్ట్స్‌మత్‌కి కూడా ఓడ ఉంది, పగలు సుమారు ఆరు గంటలు. ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్లకే అది లాభం.

పాత గైడు పుస్తకాల్లో, పాత వీడియోల్లో కనిపించినా ఇప్పుడు పనికిరానివి కొన్ని ఉన్నాయి. కాలే ఫ్రెతున్‌లో యూరోస్టార్ 2020 నుంచి ఆగడం లేదు. ఇంగ్లండ్ వైపు ఆష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్‌లలోనూ అంతే. డన్‌కర్క్ నుంచి డోవర్ ఓడ వాహనాలున్నవాళ్లకే. బులోన్ నుంచి ప్రయాణికుల ఓడలు లేవు. హోవర్‌క్రాఫ్ట్ 2000లోనే ఆగిపోయింది. ఇక లెషటిల్ అని 35 నిమిషాల్లో సొరంగం దాటించే రైలొకటి కనిపిస్తుంది. అది కార్లను, బస్సులను ఎక్కించుకునే బండి. కాలినడకన వెళ్లి టికెట్ అడిగితే ఇవ్వరు.

టికెట్ కొనేటప్పుడు స్టేషన్ పేర్లు

లీల్‌లో రెండు స్టేషన్లు. లీల్ ఫ్లాండ్ర్ పాతది, ప్రాంతీయ రైళ్లు చాలావరకు అక్కడికే వస్తాయి. లీల్ యూరప్ కొత్తది, యూరోస్టార్ అక్కడే. మధ్య అర కిలోమీటరు, ఉత్త చేతులతో ఏడెనిమిది నిమిషాలు, పెట్టెలు లాగుతూ పావుగంట. మోసే కూలీలు ఉండరు. విల్నవ్ దాస్క్ యూనివర్సిటీ వైపు నుంచి మెట్రో 1వ లైను ఫ్లాండ్ర్ దాకా వస్తుంది, యూరప్ స్టేషన్ 2వ లైను మీద ఉంది. లండన్ బస్సులు ఆగే బులెవార్డ్ ద ట్యురాన్ కూడా యూరప్ స్టేషన్ పక్కనే.

లండన్‌లో సెయింట్ పాంక్రాస్, కింగ్స్ క్రాస్ పక్కపక్క స్టేషన్లు, మెట్రో స్టేషన్ రెంటికీ ఒకటే. విక్టోరియా కోచ్ స్టేషన్, విక్టోరియా రైల్వే స్టేషన్ మాత్రం వేరువేరు కట్టడాలు, మధ్య కొన్ని నిమిషాల నడక. తిరుగు బస్సుకి రైల్వే స్టేషన్‌లో ఎదురుచూస్తూ కూర్చునేవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు.

పారిస్ చార్ల్స్ ద గాల్ విమానాశ్రయంలో దిగి లీల్ వెళ్లాలంటే పారిస్ ఊళ్లోకి వెళ్లక్కర్లేదు. రెండో టెర్మినల్ కిందే రైల్వే స్టేషన్, అక్కణ్నుంచి లీల్ యూరప్‌కి నేరుగా టీజీవీ (ఫ్రెంచి హైస్పీడ్ రైలు), సుమారు గంట. బండికీ బండికీ మధ్య వ్యవధి ఎక్కువ కాబట్టి విమానం దిగే సమయానికి రెండు మూడు గంటలు కలిపి టికెట్ తీయండి.

బయల్దేరే రోజు: వెనకనుంచి లెక్క

సమయం ఎప్పుడూ చివర్నుంచి వెనక్కి లెక్కేయండి. ఉదాహరణకి, గుణుపురం నుంచి వచ్చిన తల్లిదండ్రులు అమియెన్‌లో కొడుకు దగ్గర ఉన్నారు, లీల్‌లో 12:30కి యూరోస్టార్. గేటు రైలుకి అరగంట ముందు, 12 గంటలకే మూసేస్తారు. ప్లాట్‌ఫారం మీద రైలు కనిపిస్తున్నా తలుపు తీయరు. సామాను స్కానింగ్, ఫ్రెంచి తనిఖీ, బ్రిటన్ తనిఖీ కలిపి గంట పట్టవచ్చు కాబట్టి 11 గంటలకు వరసలో ఉండాలి. ఫ్లాండ్ర్ నుంచి నడక, మంచినీళ్లు, మరుగుదొడ్డి కలిపి అరగంట. అంటే అమియెన్ రైలు 10:30కి లీల్ చేరాలి. ప్రయాణం దాదాపు గంటన్నర. తొమ్మిదికి బయల్దేరితే సరిపోతుందని తేలింది గదా, అప్పుడు దానికంటే ముందు బండి ఎక్కండి. ప్రాంతీయ రైలు రద్దయితే దాని కోసం యూరోస్టార్ ఆగదు. రెండూ విడి టికెట్లయితే పోయిన టికెట్ బాధ్యత మీదే. ఫ్రెంచి రైళ్ల తలుపులు బయల్దేరే వేళకు రెండు నిమిషాల ముందే మూసుకుంటాయి, నౌపడా జంక్షన్‌లో లాగా కదిలే బండి ఎక్కడం కుదరదు.

గడియారం ఇంకో లెక్క. బ్రిటన్ ఏడాది పొడుగునా ఫ్రాన్స్ కంటే గంట వెనక ఉంటుంది. 12:30కి ఎక్కి గంటా ఇరవై అయిదు నిమిషాలు కూర్చుంటే లండన్‌లో 12:55. వెళ్లేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. సాయంత్రం అయిదింటికి లండన్‌లో ఎక్కితే లీల్‌లో దాదాపు ఏడున్నర, అప్పటికి అమియెన్ ఆఖరి బండి ఎప్పుడో ముందే చూసుకోవాలి. టికెట్ల మీద ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయమే అచ్చవుతుంది. ఇంటికి ఫోన్ చేయాలంటే, వేసవిలో ఇండియా లండన్ కంటే నాలుగున్నర గంటలు ముందు, చలికాలంలో అయిదున్నర.

బ్రిటన్ అధికారి లీల్‌లోనే కూర్చుని ఉంటారు. అడిగేవి కొద్ది ప్రశ్నలే: ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లు, ఎక్కడ దిగుతారు, ఎప్పుడు వెనక్కి, అక్కడ ఎవరున్నారు. ఈ సమాధానాలకు కాగితాలు చేతి సంచిలో విడిగా పెట్టుకోండి: తిరుగు టికెట్ లేదా హీత్రూ విమానం టికెట్, హోటల్ బుకింగ్, చుట్టాల ఇంట్లో దిగితే వాళ్ల చిరునామా, ఫోన్, ఆహ్వాన పత్రం. అమ్మకు ఇంగ్లిషు రాకపోతే ఆ అయిదు జవాబులూ ఒక పేజీలో ఇంగ్లిషులో టైపు చేసి ఆమె పాస్‌పోర్టులోనే మడిచి పెట్టండి. “పిన్ని ఇంట్లో మనవడిని చూసుకోడానికి” లాంటి జవాబు జాగ్రత్త. మనకది ఆప్యాయత, అటువాళ్లకు అది ఉద్యోగంలా వినిపించవచ్చు. విజిటర్ వీసా మీద పని చేయకూడదు. చూడ్డానికి వెళ్తున్నామన్నది నిజమైతే అంతే చెప్పండి. ఇక్కడ ఆపేస్తే మళ్లీ ఫ్రాన్స్ వైపే పంపుతారు, టికెట్ డబ్బు పోయినట్టే.

కొత్తగా వచ్చిన ఇంకో వరస, ఈఈఎస్ (ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్). 2025 అక్టోబర్ 12న మొదలై, 2026 ఏప్రిల్ 10 నాటికి అన్ని సరిహద్దుల్లో అమలు కావాలని గడువు పెట్టారు. షెంగెన్ ప్రాంతంలోకి తక్కువ రోజులకు వచ్చే యూరోపేతరుల ఫొటో, వేలిముద్రలు తీసుకుని రాకపోకలను కంప్యూటర్లో రాస్తారు. నివాస కార్డు ఉన్న పిల్లలకు ఇది వర్తించదు, కాబట్టి ఒకే కుటుంబం రెండు వరసల్లో చీలిపోవచ్చు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉంచండి. ఏ 180 రోజుల్లోనైనా షెంగెన్‌లో 90 రోజులకు మించి ఉండకూడదన్న లెక్క ఇప్పుడు యంత్రమే వేస్తుంది. బ్రిటన్‌లో గడిపిన రోజులు ఆ తొంభైలోకి రావు.

పెట్టెలో ఏం పెట్టొచ్చు

యూరోస్టార్‌లో విమానంలో లాగా 100 మిల్లీలీటర్ల నిబంధన లేదు. నీళ్ల సీసా, ఆవకాయ సీసా నిక్షేపంగా వెళ్తాయి. పెద్ద చాకులు, కత్తిపీట మాత్రం కుదరవు. కొడుకు కోసం బరంపురం నుంచి మోసుకొచ్చిన కత్తిపీట లీల్‌లోనే ఉండనివ్వండి.

తిండి విషయంలో రెండు సరిహద్దులకు రెండు నియమాలు. ఇండియా నుంచి ఫ్రాన్స్‌కి మాంసం, పాలతో చేసినవి తేకూడదు. నెయ్యి, పాలకోవా, పన్నీరు ఇంట్లోనే వదిలేయండి. కాయగూరల పచ్చళ్లు, అప్పడాలు, నూనెలో వేయించిన చెక్కలు, జంతికలకు ఇబ్బంది లేదు. కరివేపాకు లాంటి పచ్చి ఆకులకు, చాలా పళ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కొబ్బరికాయ, అరటిపండు, ఖర్జూరం, అనాస, డూరియన్ అనే అయిదింటికే మినహాయింపు. ఉద్దానం కొబ్బరికాయ పట్టుకెళ్లాలనుకునేవాళ్లకు ఈ చిన్న శుభవార్త చాలు.

ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండ్‌కి 2025 ఏప్రిల్ 12 నుంచి గొడ్డు, గొర్రె, మేక, పంది మాంసం, పాల పదార్థాలు సొంత వాడకానికైనా తీసుకెళ్లనివ్వడం లేదు. పశువుల గాలికుంటు వ్యాధి భయంతో పెట్టిన నిషేధం అది. చీజ్, వెన్న, మాంసం పెట్టిన శాండ్‌విచ్ అన్నీ దానికిందికే వస్తాయి. దారిలో తినడానికి పెరుగన్నం కట్టుకుంటే సెయింట్ పాంక్రాస్ రాకముందే డబ్బా ఖాళీ చేయాలి. పులిహోర అయితే ఈ గొడవే లేదు. బిస్కెట్లు, చాక్లెట్లు, రొట్టె పర్వాలేదు.

మందులు వాటి పెట్టెల్లోనే, ఇంగ్లిషులో రాసిన చీటీతో ఉంచండి. మన రెండు పిన్నుల ఛార్జర్ ఫ్రాన్స్‌లో చాలావరకు దూరుతుంది. ఇంగ్లండ్‌లో మూడు చదరపు పిన్నులు, అడాప్టర్ లేకుండా కుదరదు.

డబ్బు, లండన్‌లో మొదటి గంట

ఫ్రాన్స్‌లో యూరో, బ్రిటన్‌లో పౌండు. మిగిలిన యూరోలు లండన్ బస్సులో చెల్లవు. ఆ మాటకొస్తే అక్కడి సిటీ బస్సుల్లో 2014 నుంచి నగదే తీసుకోరు. కార్డు తాకించి ఎక్కడమే. మెట్రోలో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లు తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారే. దిగేటప్పుడు మెట్రోలో తాకించడం మరిస్తే గరిష్ఠ ఛార్జీ కోసేస్తారు. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు ఉండాలి, నాన్న కార్డుతో ముగ్గురూ వెళ్లడం కుదరదు. ఒకే కార్డుని రోజంతా వాడితే ఒక పరిమితి దాటాక ఇక డబ్బు కోయరు. పొద్దున కార్డు, సాయంత్రం ఫోను అని మారిస్తే ఆ లాభం పోతుంది.

మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపి ఉంటుంది. 2020లో వచ్చిన రిజర్వు బ్యాంకు నియమం అది. బరంపురంలో ఉండగానే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు, తాకించే చెల్లింపు, రెండూ ఆన్ చేయండి. ఓటీపీ వచ్చే ఇండియా సిమ్ రోమింగ్‌లో బతికి ఉండాలి, లేకపోతే అక్కడ రైలు టికెట్ ఆన్‌లైన్లో కొనలేరు. పిల్లల ఫ్రెంచి సిమ్ ప్యాకేజీలో బ్రిటన్ ఉందో లేదో విడిగా చూడండి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక అది కంపెనీ ఇష్టం.

సెయింట్ పాంక్రాస్‌లో దిగాక పాస్‌పోర్టు వరస ఉండదు, లీల్‌లోనే అయిపోయింది. నేరుగా బయటికి నడవండి. హీత్రూ వెళ్లాలంటే కింద మెట్రోలో పికడిల్లీ లైను, బండి మారకుండా సుమారు గంట.

ఎక్కడ చెడుతుంది

ఫ్రాన్స్‌లో రైల్వే సమ్మెలు అరుదేం కాదు. ముందుగా ప్రకటిస్తారు, ఏ బండ్లు నడుస్తాయో ముందురోజు సాయంత్రానికి తెలుస్తుంది. సమ్మె దెబ్బ ఎక్కువగా ప్రాంతీయ రైళ్ల మీద పడుతుంది. ఆ రోజు అమియెన్ నుంచో అరాస్ నుంచో రావాలంటే ముందురాత్రే లీల్ చేరి పడుకోవడం చవక. చలికాలపు గాలులకు ఓడలు ఆలస్యమవుతాయి, రద్దవుతాయి. ఓడ దిగిన గంటకే హీత్రూ విమానం పెట్టుకోవద్దు. ఆ మాటకొస్తే ఏ దారిన వచ్చినా, సముద్రం దాటిన రోజే ఇండియా విమానం ఎక్కే ప్లాను వేయకండి. మధ్యలో ఒక రాత్రి ఉండాలి.

డిసెంబరు 25న యూరోస్టార్ నడవదు, ఇంగ్లండ్‌లో రైళ్లూ నడవవు, 26న చాలా తక్కువ. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు 24 నాటికే చేరవలసిన చోటికి చేరి ఉండాలి. యూరోస్టార్ గంట పైన ఆలస్యమైతే పరిహారం అడగొచ్చు, టికెట్ ఇమెయిల్ పారేయకండి.

తిరుగు ప్రయాణం ఫ్రాన్స్‌కే అయితే ఫ్రెంచి తనిఖీ సెయింట్ పాంక్రాస్‌లోనే జరుగుతుంది, ఈఈఎస్ యంత్రాలు కూడా అక్కడే. వేసవి శనివారాల్లో ఆ వరస పొడుగ్గా ఉంటుంది. స్టేషన్‌కి రమ్మని టికెట్ మీద రాసిన సమయానికంటే (రైలు బయల్దేరే సమయం కాదు) అరగంట ముందు వెళ్లండి. వెళ్లేముందు స్టిక్కరు మీద ఆ ఎంట్రీల గడి ఇంకోసారి చూసుకోండి. లండన్‌లో ఉండగా 01 అని కనిపించిందంటే లీల్ రైలు కోసం వరసలో నిలబడి లాభం లేదు. ఆ రోజే విమాన సంస్థకు ఫోన్ చేసి తిరుగు టికెట్‌ని హీత్రూకి మార్చుకోవాలి, లీల్‌లో ఉన్న పెట్టెలను పిల్లాడు తర్వాత పంపాలి.